పొద్దున మూడు, మధ్యాహ్నం మూడు

మొదలుపెట్టేనాటికి షాపాయన చేతిలో ఉన్నవి పద్నాలుగు రోజుల గడువు, నూట అరవై పేజీల పుస్తకం, ఐదో తరగతిలో ఆగిపోయిన చదువు, ఇరవై ఆరేళ్ళుగా పురుగుమందుల డబ్బాలు ఎత్తి దించిన రెండు చేతులు. ఇంట్లో ఇంకొకరి దగ్గర రోజుకి ఆరు గంటలు ఉన్నాయి. అవి తనవి కావు కాబట్టి మొదట వాటిని లెక్కలో వేసుకోలేదు.

నోటీసు తెచ్చిన వ్యవసాయ ఆఫీసు మనిషి దాన్ని కౌంటర్ మీద పరిచి, గాలికి ఎగిరిపోకుండా ఒక డబ్బా బరువు పెట్టాడు.

"కొత్త రూలండీ. పురుగుమందులు అమ్మే ప్రతి ఒక్కరూ పరీక్ష రాయాలి. పాసైతే లైసెన్సు. లేకపోతే షట్టర్‌కి సీలు."

"ఇరవై ఆరేళ్ళ నుంచి అమ్ముతున్నాను. నా దగ్గర మందు తీసుకెళ్ళినవాడు ఒక్కడైనా తిరిగొచ్చి తిట్టాడా?"

"తిట్టడానికి మనిషి మిగలాలి కదండీ," అని నవ్వి, సంతకం పెట్టించుకుని, పుస్తకం చేతికిచ్చి వెళ్ళిపోయాడు ఆఫీసు మనిషి.

షాపు ముందు, ఇల్లు వెనక. రెంటికీ మధ్య తలుపు లేదు, ఒక కర్టెన్ ఉంది. పొద్దున ఎనిమిదికి షట్టర్ లేస్తే ఒంటిగంట దాకా డబ్బాల చప్పుడు, బేరాల గోల, బయట ఆగిన బండ్ల మోత అన్నీ ఆ కర్టెన్ దాటుకుని వంటింటి దాకా వెళతాయి. ఒంటిగంటకి మూసి మళ్ళీ నాలుగుకి తెరుస్తారు. రాత్రి తొమ్మిది దాకా మళ్ళీ అదే సంత. ఇంట్లో నిశ్శబ్దమన్నది పొద్దున ఐదు నుంచి ఎనిమిది వరకు మూడు గంటలు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు వరకు మూడు గంటలు. ఆ ఆరూ కూతురివి.

కూతుర్ని ఇంట్లో పిచ్చుక అంటారు. చదివేటప్పుడు పెదాలు కదుపుతూ సన్నగా గొణుగుతుంది. చిన్నప్పటి అలవాటు. రక్తపరీక్షలు చేసే ల్యాబ్ కోర్సులో ఉచిత సీటు కోసం కిందటేడు రాసింది, కొద్దిలో పోయింది. ఊళ్ళో పిల్లలంతా కోచింగ్‌కి పోతుంటే షాపాయన బేరం పెట్టాడు: "ఒక్క ఏడాది. ఇంట్లో కూర్చుని చదువుకో. వచ్చిందా, పో. రాలేదా, వచ్చి కౌంటర్లో కూర్చో." పిల్ల సరేనంది. వంటింటి పక్కన కిటికీ కింద చిన్న బల్ల వేసుకుంది. తలుపు బందులకి తనే నూనె పెట్టుకుంది. కుక్కర్ కూత వేసేలోపు వాళ్ళమ్మ స్టవ్ తగ్గించేది. కొళాయి కింద బకెట్‌లో గుడ్డ వేసి ఉంచేది, నీళ్ళ చప్పుడు రాకుండా. ఏడాది గడిచింది. పరీక్ష ఇంకా పదహారు రోజులుంది.

తండ్రిది శనివారం, కూతురిది సోమవారం.

మొదటిరోజు మధ్యాహ్నం షట్టర్ దించి, షాపాయన కౌంటర్ దగ్గరే పుస్తకం తెరిచాడు. మొదటి పేజీ మూడో వాక్యంలో కళ్ళు మూతలు పడ్డాయి. తల వాలి పక్కనున్న కాటా పళ్ళెం మీద ఠపీమని పడింది. చప్పుడుకి పిచ్చుక పరిగెత్తుకొచ్చింది. వచ్చి, కాటా ముల్లు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మూడున్నర కిలోలు తూగింది నాన్నా నీ తల. లోపల సరుకు ఇంకా పడాలి."

"నవ్వు, నవ్వు. షాపుకి సీలు పడ్డాక అందరం కలిసి నవ్వుకుందాం."

పిల్ల నవ్వు ఆపింది. పుస్తకం తీసుకుని నాలుగు పేజీలు తిప్పింది.

"ఇందులో సగం కెమిస్ట్రీయే," అంది.

"నువ్వు చదివేదీ అదేగా? రోజుకో గంట నాకు చెప్పు. ఒక్క గంట. నీకూ మననం చేసినట్టుంటుంది."

పిచ్చుక కర్టెన్ వైపు చూసింది. ఆ వెనక బల్ల మీద పుస్తకం తెరిచే ఉంది. లోపలికి వెళ్ళి, చదువుతున్నచోట పెన్సిల్ పెట్టి, పుస్తకం మూసి వచ్చింది.

"కూర్చో నాన్నా," అంది.

*

మూడు రోజులు ఏదీ ఎక్కలేదు. డబ్బా మీద ఎర్ర గుర్తు ఎంత ప్రమాదం, పసుపు గుర్తు ఎంత అని ఇవాళ చెప్పింది మర్నాటికి తారుమారయ్యేది. పిచ్చుక విసుక్కోలేదు గానీ, పెన్సిల్ చివర కొరకడం మొదలుపెట్టింది.

నాలుగో రోజు పొద్దున్నే ఎవరో రైతు షట్టర్ కొట్టి, పురుగు ఆకుని ఎలా తింటోందో వేళ్ళతో చూపించాడు. షాపాయన అతని ముఖంలోకి చూస్తూనే, చెయ్యి వెనక్కి చాచి, మూడో అరలో రెండో వరసలోంచి డబ్బా తీసి ముందు పెట్టాడు. వెనక్కి తిరగలేదు. రైతు వెళ్ళాక చూస్తే, కూతురు కర్టెన్ పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"నాన్నా, ఇప్పుడు నువ్వు అర వైపు చూడలేదు."

"చూడ్డమెందుకే? చేతికి తెలుసు."

"కళ్ళు మూసుకో. బయట నుంచి షాపులోకి వస్తున్నావు. ఎడం చేతి వైపు పైన ఏముంది?"

ఆయన కళ్ళు మూసుకుని గడగడా చెప్పాడు. ఏ అరలో ఏ డబ్బా, ఏది సగం ఖాళీ, దేనికి మూత సొట్ట పడింది అన్నీ. పిచ్చుక పుస్తకం తెచ్చింది.

"ఆ పై అరలో ఇక డబ్బాలు లేవనుకో. ఎర్ర గుర్తు పెట్టాను. పిల్లల చేతికి అందనంత పైన. ఎందుకు?"

"అంత ప్రమాదం కాబట్టి."

"దాని కింద పసుపు. కింద నీలం. నేల మీద ఆకుపచ్చ. నీళ్ళ డ్రమ్ము దగ్గర ఏం పెట్టానో చెప్పనా? కంట్లో పడితే పావుగంట ఆగకుండా కడగాలి. కాటా దగ్గర కలిపే లెక్కలు. గుమ్మం దగ్గర, మందు కొట్టాక కోతకి ఎన్ని రోజులు ఆగాలో అది."

"గుమ్మం దగ్గర ఎందుకు?"

"ఆగకుండా గుమ్మం దాటనివ్వకూడదు కాబట్టి."

ఆ మధ్యాహ్నం షాపాయనకి ఒక్క గుర్తూ తారుమారు కాలేదు. ఇరవై ఆరేళ్ళుగా సర్దుకున్న అరల్లో పాఠం తర్వాత పాఠం దిగుతోంది, దిగింది దిగినచోట ఉంటోంది. పెద్ద బేరం తగిలిన రోజులా ఆయనకి ఒళ్ళంతా చురుకు పుట్టింది. గంట అయ్యేసరికి పిచ్చుక లేవబోయింది.

"ఇంకో అర చెప్పవే. వేడి మీద ఉన్నాను."

ఇంకో అర అంటే ఇంకో గంట. ఆరో రోజుకి మధ్యాహ్నం మూడు గంటలూ ఆయనవే అయ్యాయి. ఎనిమిదో రోజు నుంచి పొద్దున కూడా ఐదున్నరకి మొహం కడుక్కుని కర్టెన్ పక్కకి తోసి నిలబడేవాడు. పిచ్చుక బల్ల దగ్గర చూపుడువేలు పేజీలో పెట్టుకుని ఆయన వైపు తల తిప్పేది. ఆ వేలు కాసేపు అక్కడే ఉండేది. తర్వాత పెన్సిల్ పెట్టి పుస్తకం మూసేది.

"పిల్ల గంటలు మీరు తినేస్తున్నారు," అంది భార్య, టీ గ్లాసు అందిస్తూ.

"చెప్తే తరిగిపోతుందా? డబ్బా చూపించి మళ్ళీ అరలో పెట్టామనుకో, తూకం తగ్గుతుందా? చూపించిన సరుకు షాపులోనే ఉంటుందే."

"సరుకు సంగతి నాకు తెలియదు. దాని పుస్తకం మాత్రం వారం నుంచి అదే పేజీలో ఉంది."

"పగలంతా చదువుతూనే ఉందిగా! నాకు వినబడుతోంది."

నిజంగానే వినబడుతోంది. షట్టర్ లేచి ఉన్న వేళల్లో, ఎంత గోలలోనైనా, కర్టెన్ వెనక నుంచి సన్నటి గొణుగుడు వచ్చేది. సంచి మూతి కుడుతూ, చిల్లర లెక్కపెడుతూ ఆయన ఒక చెవి అటు వేసి ఉంచేవాడు. తను తీసుకున్న గంటకి బదులు అక్కడ ఒక గంట జమ అవుతోందని మనసులో వేసుకునేవాడు. ఇచ్చింది, పుచ్చుకుంది సరిపోతున్నాయి.

పదో రోజున బావమరిది వచ్చాడు. పక్క వీధిలో అతనిదీ ఇదే వ్యాపారం, అతనికీ ఇదే పరీక్ష.

"బావా, ఏం చదువుతాం ఈ వయసులో! గళ్ళలో గీతలు పెట్టడమేగా. దేవుడి మీద భారం వేసి ఏదో ఒకటి పెట్టేస్తా."

"దేవుడు పురుగుమందులు అమ్మాడేంట్రా, ఆయనకేం తెలుసు?"

"ఏమ్మా కోడలా, మీ నాన్నకేనా చెప్పడం? మాకేం లేదా?"

లోపల గొణుగుడు ఆగింది. "నాకూ పరీక్ష ఉంది మామయ్యా," అన్న మాట వినబడింది. మళ్ళీ గొణుగుడు సాగింది.

*

శనివారం హాల్లో షాపాయన ప్రశ్న ప్రశ్నకీ కళ్ళు మూసుకున్నాడు. పర్యవేక్షణ చూసే ఆవిడ వచ్చి బల్ల మీద తట్టింది.

"నిద్రపోతున్నారా?"

"లేదమ్మా. షాపులో ఉన్నాను."

ఇంటికొచ్చి చొక్కా విప్పుతూనే మొదలుపెట్టాడు. నీళ్ళ డ్రమ్ము నుంచి నాలుగు ప్రశ్నలు వచ్చాయట, గుమ్మం దగ్గర నుంచి ఆరు. పిచ్చుక ఒక్కో ప్రశ్నకీ జవాబు అడిగి, సరిగ్గా ఉంటే వేలు మడిచింది. రెండు చేతుల వేళ్ళూ ఎన్నో సార్లు మడవడం అయ్యింది. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి కూతురి మొహమే చూస్తోంది.

"రేపంతా నీది," అన్నాడాయన దర్జాగా. "ఆదివారం షట్టర్ ఎత్తను. రోజంతా చదువుకో."

ఆదివారం ఇల్లు ఇల్లంతా మూగబోయింది. ఆయన చెప్పులు కూడా చేతిలో పట్టుకుని తిరిగాడు. పద్నాలుగు రోజుల బడలికంతా ఒక్కసారి పైబడి, మధ్యాహ్నం పడుకుని లేచేసరికి నాలుగయింది. లేచీ లేవగానే అలవాటుగా చెవి పెట్టాడు. గొణుగుడు లేదు.

కర్టెన్ పక్కకి తీశాడు. పిచ్చుక బల్ల దగ్గరే ఉంది. పేజీలు తిప్పుతోంది. పది పేజీలు ముందుకి, ఆరు వెనక్కి, మళ్ళీ ముందుకి. పెదాలు కదలడం లేదు.

"చదువుతున్నావా?"

"చదువుతున్నా నాన్నా."

"చప్పుడు లేదేం?"

"టైం లేదు, కళ్ళతోనే చదివేస్తున్నా," అంది తల ఎత్తకుండా. పేజీ తిప్పబోతే వేలికి రెండు కాగితాలు అంటుకుని వచ్చాయి. వాటిని విడదీయడానికి గోరు పెట్టి, రాక, వదిలేసి తర్వాతి పేజీకి వెళ్ళిపోయింది.

సోమవారం పరీక్ష రాసి వచ్చి, కొళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంది. బకెట్‌లో గుడ్డ లేదు. నీళ్ళు పెద్ద చప్పుడుతో పడుతున్నాయి.

"ఎలా రాశావ్?"

"రాశాను."

*

ఆయన ఫలితం ముందు వచ్చింది. నూటికి తొంభై ఒకటి, రాసినవాళ్ళందరిలో మొదటివాడు. బావమరిదికి ఇరవై ఎనిమిది. లైసెన్సుకి గాజు చట్రం కట్టించి, గుమ్మంలోంచి రాగానే కనబడేలా ఎడం వైపు పై అర పక్కన తగిలించాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. "మా అమ్మాయి చెప్పింది. నేను రాశాను," అనడం మాత్రం ఏ ఒక్కరి దగ్గరా మరచిపోలేదు.

వారం తర్వాత పిచ్చుకది వచ్చింది. పొద్దున వెళ్ళి గోడకి అంటించిన జాబితా చూసుకుని ఒంటిగంటకి తిరిగొచ్చింది. నాలుగు మార్కుల్లో పోయిందని చెప్పి, కంచం ముందు కూర్చుని, పెట్టింది పెట్టినట్టు తినేసింది. వాళ్ళమ్మ ఇంకాస్త వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టలేదు, అదీ తింది. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి పుస్తకాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, దారంతో కట్టింది. షాపులో సంచులు కట్టే ముడే వేసింది.

నాలుగవుతుండగా షట్టర్ చప్పుడయింది. షాపాయన ఇంకా చొక్కా తొడుక్కోలేదు. గబగబా వెళ్ళి చూస్తే, పిచ్చుక షట్టర్ ఎత్తి, కౌంటర్ తుడిచి, ఎత్తుపీట మీద కూర్చుని ఉంది.

"ఇదేంటే? లే, లోపలికి వెళ్ళు."

"బేరం బేరమే కదా నాన్నా."

"ఏదో నోటికొచ్చింది అన్నాను. ఇంకో ఏడాది చదువుకో. ఈసారి నేను నీ జోలికే రాను."

"వచ్చే నెలకి ఇరవై దాటుతాయి. దాటితే ఫారం తీసుకోరు." ఈ మాట కోపంగా అనలేదు, సరుకు అయిపోయిందని కొనడానికి వచ్చినవాడికి చెప్పినట్టు చెప్పింది. "తెలుసుగా నీకు. బేరం రోజునే చెప్పాను."

చెప్పింది. ఆయనకి గుర్తుంది. కాటా పక్కన నిలబడి చెప్పింది. ఆ రోజు ఏ అర ఖాళీగా ఉందో కూడా ఆయన చెప్పగలడు.

మర్నాడు పొట్లం కట్టడానికి పాత కాగితాల కోసం కౌంటర్ కింద అట్టపెట్టె లాగాడు. పిచ్చుక చింపి పారేయలేక అందులో పడేసిన చీటీలు ఉన్నాయి, ఆయనకి వేసిన ప్రశ్నలన్నీ. వాటి కింద క్యాలెండర్ కాగితం ఒకటి, వెనక వైపు పదహారు గళ్ళు గీసి ఉంది. ఒక్కో గడిలో ఆరు గీతలు, రోజుకి ఆరు గంటలు. గంట గంటకీ పెన్సిల్‌తో తన పాఠాలు చిన్న అక్షరాల్లో రాసుకుంది. మొదటి గడిలో ఒక పాఠం మీద పెన్నుతో అడ్డగీత, దాని పైన 'నాన్న – గుర్తులు'. తర్వాత 'నాన్న – నీళ్ళ డ్రమ్ము'. 'నాన్న – కాటా, మళ్ళీ చెప్పాలి'. గడి గడికీ అడ్డగీతలు ఎక్కువవుతూ వెళ్ళాయి. అడుగున ఇంకో వరస ఉంది. 'షాపు తెరిచాక, గోలలో నాది ఎక్కడం లేదు, కాబట్టి నాన్న పాఠాలు సులువుగా మార్చాలి. పైకి చదివి చూడాలి.'

షాపాయన కాగితం కౌంటర్ మీద పరిచి లెక్కపెట్టాడు. ఏ లెక్కయినా రెండుసార్లు వేసే అలవాటు, మళ్ళీ మొదటి గడి నుంచి వేశాడు. తన పరీక్షకి ముందు పద్నాలుగు రోజులు, ఎనభై నాలుగు గంటలు. అడ్డగీత పడని పాఠాలు ఇరవై తొమ్మిది. మిగిలిన యాభై ఐదూ ఆయనవే. ఇన్ని రోజులూ కర్టెన్ వెనక నుంచి విని పిల్ల పేరున జమ వేసుకున్న గొణుగుడు కూడా ఆయనదే.

"ఎందుకు చెప్పలేదే?" అన్నాడు.

పిచ్చుక కాగితం వైపు చూసి, ఎత్తుపీట మీద కాస్త సర్దుకుంది.

"చెప్తే ఏం చేసేవాడివి నాన్నా?"

ఆయన నోరు తెరిచాడు. కొనేవాడు ఏమడిగినా తడుముకోకుండా చెప్పే మనిషి. దీనికీ జవాబు దొరికింది. 'ముందు షాపు నిలబడనీయవే' అని ఉండేవాడు. అది పైకి అనకుండా కాగితం ముడతలు అరచేత్తో సాపు చేశాడు.

వాళ్ళమ్మ టీ తెచ్చి గ్లాసు ఆయన పక్కన పెట్టింది. కాగితం చూసింది. ఏదో ఒక మాట అంటుందని ఆయన ఎదురుచూశాడు, అంటే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె కూతురి జడ మీద పడిన మందు పొడి దులిపి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే బావమరిది వచ్చాడు, చంకలో పుస్తకం పెట్టుకుని.

"ఇంకోసారి రాయడానికి నెల గడువిచ్చారు బావా. ఏమ్మా కోడలా, ఇప్పుడు ఎలాగూ ఖాళీయేగా? పొద్దున మీ నాన్నకి చెప్పినట్టే, ఆ ఐదింటి నుంచి..."

"రా మామయ్యా," అంది పిచ్చుక. చేతిలో ఉన్న పురికొస చుడుతూనే ఉంది. "రేపటి నుంచి వచ్చెయ్."

"వద్దు," అన్నాడు షాపాయన.

"ఏంటి బావా, నీకైతే ఒక న్యాయం..."

"షాపు తెరిచాక రా. ఈ కౌంటర్ దగ్గర నిలబడు, నాకు వచ్చింది నేను చెప్తాను. ఆ గంటలు అమ్మకానికి లేవు."

"నేనేం కొంటానన్నానా? అమ్మాయి ఒప్పుకుంటుంటే మధ్యలో నీదేం పోయింది?"

అప్పుడే ఒకతను చొక్కా చేతుల మీద మందు ఒలకబోసుకుని కంగారుగా లోపలికొచ్చాడు. పిచ్చుక దిగ్గున లేచి, అతని చొక్కా విప్పించి, నీళ్ళ డ్రమ్ము దగ్గరికి నడిపించి, మగ్గుతో పోస్తూ, "రుద్దకండి, పోస్తూనే ఉంటాను, అలాగే పట్టుకోండి," అని నెమ్మదిగా చెప్పసాగింది. షాపు మొత్తం ఆమె నోటికి వచ్చు. ఏ అరలో ఏముందో తండ్రి చేతికి ఎంత తెలుసో, ఆమెకీ అంతే తెలుసు.

మర్నాడు పొద్దున ఐదింటికి షాపాయనకి అలవాటుగా మెలకువ వచ్చింది. మొహం కడుక్కుని, కర్టెన్ దాకా వెళ్ళి పక్కకి తీశాడు. బల్ల ఖాళీగా ఉంది. దాని కింద దారంతో కట్టిన పుస్తకాలు ఉన్నాయి. పిల్ల గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోతోందో లేదో తెలియదు. లేపే పని లేదు కనుక లేపలేదు. కొళాయి కింద బకెట్‌లో గుడ్డ వేసి, చప్పుడు కాకుండా నీళ్ళు పట్టుకున్నాడు.

చివరికి చేతికి వచ్చినవి ఇవి. గోడ మీద గాజు చట్రంలో ఐదేళ్ళకి చెల్లే కాగితం ఒకటి. కౌంటర్లో, ఎక్కడ వెతికినా దొరకనంత మంచి మనిషి ఒకరు. ఇంట్లో పొద్దున మూడు, మధ్యాహ్నం మూడు, మొత్తం ఆరు గంటలు చీమ చిటుక్కుమన్నా వినబడే నిశ్శబ్దం. పూర్తిగా, ఒక్క నిమిషం తరగకుండా.